పాసుపుస్తకంలో పడని హామీ

“ఫీజులంటే అమరావతి యవ్వారం. ఎమ్మెల్యేని అడిగితే ఆయన ఏటి సేస్తాడు?”

కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీకొట్లో ఈ మాట వింటాను. టెక్కలిలో కాలేజీ బస్సు కోసం నిలబడ్డ తండ్రుల నోట వింటాను. కవిటి, కంచిలి వైపు కొబ్బరి తోటల్లో వింటాను. చదువు చెప్పే లెక్చరర్లు, వార్తలు రాసే విలేకరులు కూడా ఇదే అంటారు. రోడ్డు గుంతపడితే ఎమ్మెల్యేని నిలదీయొచ్చు, మంచినీళ్లు రాకపోతే నిలదీయొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటు మాత్రం రాష్ట్ర ఖజానా సంగతి, దాన్ని నియోజకవర్గంలో లెక్కగట్టడం అమాయకత్వం అని మనవాళ్ల తీర్మానం. దానికి తోకగా ఇంకో మాట ఉంటుంది: “ఎప్పుడో ఒకప్పుడు పడతాయి కదా, ఇచ్చిందే గొప్ప.”

ఈ రెండు మాటలూ తప్పే. వీటివల్ల నష్టపోతున్నది మన ఇళ్లలోని పిల్లలు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

2024 ఏప్రిల్. మా వీధిలో ఒకావిడ జీడి కర్మాగారంలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఏళ్ల తరబడి జీడి సొన తగిలి ఆమె వేళ్ల కొనలు నల్లబడిపోయాయి. సచివాలయంలో వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడల్లా మిషను ఆమె వేలిని ఒక పట్టాన గుర్తుపట్టదు. కూతురు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఫీజు బాకీ కడితేనే హాల్ టికెట్ ఇస్తామని కాలేజీవాళ్లు చెప్పారు. పాసుపుస్తకం ప్రింటు వేయించడానికి నన్ను తోడు రమ్మంది, వెళ్లాను. మిషనులో పుస్తకం పెడితే రెండు వరుసలు అచ్చయ్యాయి. ఒకటి గ్యాసు రాయితీ, రెండోది బ్యాంకు కోసుకున్న ఎస్సెమ్మెస్ చార్జీ. ఆవిడ ఆ కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చూసుకుంది. “టీవీల సెప్పీసినారు బాబూ, పుస్తకంల మాత్రం పడ్లేదు” అంది. ఆ సాయంత్రమే నూటికి మూడు రూపాయల వడ్డీకి 20 వేలు తెచ్చి కట్టింది.

టీవీలో చెప్పినమాట నిజమే. 2024 మార్చి 1న కృష్ణా జిల్లా పామర్రు సభలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఫీజు రీయింబర్స్‌మెంటు పథకమైన జగనన్న విద్యాదీవెన బటన్ నొక్కారు. 9 లక్షల 44 వేల మందికి పైగా విద్యార్థులకు 708.68 కోట్లు అని ప్రకటించారు. ఆ సొమ్ము కూడా అంతకుముందు సంవత్సరం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న త్రైమాసికానిది. మర్నాడు పత్రికల్లో ఇది అమలైన హామీ. ఆ తర్వాత ఎన్నికల కోడ్ వచ్చింది. బటన్లు నొక్కి ఉంచిన పథకాల సొమ్ము మే నెలలో విడుదల చేయాలా వద్దా అన్నది ఎన్నికల సంఘం దాకా, హైకోర్టు దాకా వెళ్లిన వివాదమైంది. మార్చి ఒకటిన అమలైపోయిన హామీ గురించి మే నెలలో కోర్టులో వాదించుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? డబ్బు కదలలేదు కనుక.

మన లెక్క ఇక్కడే దారి తప్పుతోంది. ప్రకటన వస్తే అమలైందంటున్నాం. ప్రకటన తర్వాత బడ్జెట్ విడుదల ఉత్తర్వు రావాలి. ఆ తర్వాత బిల్లు ఖజానా చెల్లింపుల వ్యవస్థ అయిన సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కాలి. అక్కడ దాని వంతు రావాలి. అప్పుడు ఖాతాలో పడాలి. ఈ మెట్లలో ఏదో ఒకదాని మీద నెలల తరబడి ఆగిపోయిన సొమ్మును మొదటి మెట్టు మీదే “ఇచ్చేశాం” అని రాసుకోవడం నాయకులకు అలవాటైంది, దాన్ని అలాగే నమ్మడం మనకు అలవాటైంది. విద్యార్థికి సంబంధించిన మెట్టు ఒక్కటే, ఆఖరిది. దాని తేదీయే హామీ నెరవేరిన తేదీ.

“ఆలస్యమైతే ఏం, వస్తాయి కదా” అనేవాళ్లు ఆ తల్లి కట్టిన వడ్డీని లెక్కలోకి తీసుకోవడం లేదు. 20 వేలకు నూటికి మూడు రూపాయలంటే నెలకు 600. పది నెలలు ఆలస్యమైతే 6 వేలు. ప్రభుత్వం చివరికి 20 వేలూ జమ చేసినా ఆ 6 వేలు ఎవరిస్తారు? ఏ జీవోలోనూ ఆ మాట లేదు. ఇచ్చిన మాట కంటే 6 వేలు తక్కువ ఇచ్చి మాట నిలబెట్టుకున్నామంటే ఒప్పుకుంటున్నది మా ఉద్దానం ప్రాంతపు తల్లులకు కూడికలు రాక కాదు, అడిగే అలవాటు లేక.

ఇదే కుటుంబం బ్యాంకులో విద్యారుణం తీసుకుని ఉంటే ఏమయ్యేది? వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ ఖాతా మొండి బాకీ. పిల్ల సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు ఆ పిల్ల ఉద్యోగంలో చేరి బండి కొనుక్కుందామన్నా ఆ మచ్చ అడ్డం వస్తుంది. పేదవాడు బ్యాంకుకు బాకీ పడితే 90 రోజుల గడువు, ప్రభుత్వం పేదవాడికి బాకీ పడితే గడువే లేదు. ఇది న్యాయమని ఏ ఎమ్మెల్యే అయినా మన ఎదుట నిలబడి చెప్పగలరా? చెప్పలేరు. ఎవరూ అడగరు గనక చెప్పాల్సిన అవసరమూ రావడం లేదు.

ఇక మొదటి మాటకు వద్దాం. ఎమ్మెల్యే చేతిలో ఏముంది?

ఉద్దానంలో ఈ ప్రశ్న అడగడమే నాకు ఆశ్చర్యం. ఈ ప్రాంతాన్ని పీడించే కిడ్నీ జబ్బు విషయంలో మనం ఇలా అన్నామా? ఆసుపత్రి కట్టడం అమరావతి యవ్వారం, మంచినీళ్లు అమరావతి యవ్వారం అని ఊరుకున్నామా? ఊరికొక పాడె లేచినప్పుడల్లా అడిగాం. వచ్చిన ప్రతి నాయకుడినీ అడిగాం. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ వస్తే ఆయన ముందు రోగుల్ని నిలబెట్టాం. 2019 సెప్టెంబరు 6న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రానికి, ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆ రోజు నుంచి గోడ ఎంత లేచింది, పైపు ఎక్కడిదాకా వచ్చింది అని లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాం. 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమయ్యాయి. శంకుస్థాపన తేదీ, ప్రారంభం తేదీ ఈ ప్రాంతంలో చాలామందికి నోటికి వచ్చు. ఇప్పుడు కూడా డాక్టర్లు ఎంతమంది ఉన్నారు, ఏ ఊరికి నీళ్లు రావడం లేదు అని అడుగుతూనే ఉన్నాం. హామీని తేదీలతో వెంటాడటం ఉద్దానానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒళ్లు పాడైతే వెంటాడినవాళ్లం, చదువు పాడైతే ఎందుకు వదిలేస్తున్నాం?

పైగా ఈ ప్రాంతపు ప్రజాప్రతినిధులు వెనుక బెంచీల్లో కూర్చున్నవాళ్లు కారు. పలాస మాజీ ఎమ్మెల్యే సీదిరి అప్పలరాజు 2020 జులై నుంచి 2024 ఎన్నికల దాకా మంత్రి. టెక్కలి ఎమ్మెల్యే కింజరాపు అచ్చెన్నాయుడు 2024 జూన్ నుంచి వ్యవసాయ మంత్రి, అంతకుముందు 2014-19 ప్రభుత్వంలోనూ మంత్రిగా పనిచేశారు. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు కేంద్రంలో పౌర విమానయాన మంత్రి. రాజ్యాంగం 164వ అధికరణం రాష్ట్ర మంత్రివర్గానికి సమష్టి బాధ్యత ఉందంటుంది. ఫీజుల ఫైలు మీద సంతకం వేరే మంత్రిదే కావచ్చు, బాధ్యత మాత్రం ఆ బల్ల చుట్టూ కూర్చున్న అందరిదీ. “ఆయన ఏటి సేస్తాడు” అన్న మాట రాష్ట్రంలో ఇంకెక్కడైనా కొంత నిలుస్తుందేమో గానీ, పలాస, టెక్కలిలో నిలవదు.

మంత్రి కాని ఎమ్మెల్యే సంగతి కూడా చూద్దాం. ప్రస్తుత పలాస ఎమ్మెల్యే గౌతు శిరీష మంత్రి కారు. అయినా ఆమెకు సభలో ప్రశ్న వేసే హక్కు ఉంది. పలాస నియోజకవర్గంలోని విద్యార్థులకు ఏ త్రైమాసికం ఫీజు ఏ తేదీన చెల్లించారని ఒక్క ప్రశ్న వేసి, దాన్ని స్పీకరు అనుమతిస్తే మంత్రి సభకు జవాబు చెప్పాలి. చెబితే అది రికార్డు. సభలో మంత్రులు ఇచ్చే మాటలు ఏమయ్యాయో చూడటానికి శాసనసభకు ప్రత్యేకంగా ప్రభుత్వ హామీల కమిటీ ఉంటుంది. లోక్‌సభలో ఇలాంటి కమిటీ 1953లోనే ఏర్పడింది. అక్కడ మంత్రి ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని అడగాలి. అంటే, మాట ఇచ్చినవాడి వెంట తేదీ రాసుకుని తిరగాలని చట్టసభలే 70 ఏళ్ల కిందట గుర్తించాయి. వాళ్లు ఒకరి మాటకు ఇంకొకరు కమిటీ వేసి లెక్క చూసుకుంటారు. ఓటేసినవాళ్లం మనం చూస్తే అమాయకత్వం ఎలా అవుతుంది?

శిరీష పేరెత్తాను కాబట్టి ఒకమాట. ఆమె తాతగారు సర్దార్ గౌతు లచ్చన్న ఈ ఉద్దానం తీరంలోని బారువలో పుట్టారు. వెనుకబడిన కులాలవాళ్లకు తలెత్తుకుని నిలబడే దారి చూపడానికి జీవితమంతా కొట్లాడారు. ఆ ఇంటి మనిషిని ఫీజుల లెక్క అడగడం ఆమెను అవమానించడం కాదు. ఆ ఇంటి పేరుకు ఉన్న విలువను గుర్తుపెట్టుకుని అడగడం.

హామీలన్నీ ఎక్కడో అమరావతిలో పుట్టాయనడం కూడా సరికాదు. వైఎస్ రాజశేఖర రెడ్డి పాదయాత్ర 2003 జూన్‌లో ఇచ్ఛాపురంలో ముగిసింది. జగన్ పాదయాత్ర 2019 జనవరి 9న అదే ఇచ్ఛాపురంలో ముగిసింది. లోకేశ్ శంఖారావం 2024 ఫిబ్రవరి 11న మొదలైంది కూడా ఇచ్ఛాపురం నుంచే. రాష్ట్రంలో అధికారం కోసం నడిచిన నడకలు చివర ఆగిందీ, మొదలైందీ మన గడ్డ మీద. మన ఊళ్లో మైకు పట్టుకుని ఇచ్చిన మాటకు మన ఊళ్లోనే లెక్క అడుగుతాం. స్థానిక అభ్యర్థులు కూడా అదే మైకు పట్టుకుని, అదే మేనిఫెస్టో చూపించి ఓటు అడిగారు. ఓటు అడిగేటప్పుడు తమది అయిన హామీ, లెక్క అడిగేటప్పుడు అమరావతిది ఎలా అయింది?

“ఇచ్చిందే గొప్ప” అన్న మాట నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెడుతుంది. అది అనేది తరచూ తీసుకున్నవాళ్లే గనక. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది, స్వాతంత్ర్యం కంటే ముందు నుంచి. 2020 డిసెంబరులో కేంద్రం దానికి 60 శాతం తాను, 40 శాతం రాష్ట్రం అని వాటా తేల్చింది. వెనుకబడిన తరగతుల పిల్లలకు, అగ్రవర్ణాల్లోని పేదలకు వృత్తి విద్య ఫీజులు పూర్తిగా కట్టే పద్ధతి రాజశేఖర రెడ్డి హయాంలో వచ్చింది. ఇది ఏ నాయకుడూ పండక్కి పంచిన చీర కాదు. ఇది ఒప్పందం. ప్రభుత్వం ఫీజు నిర్ణయిస్తుంది, సీటు కౌన్సెలింగులో కేటాయిస్తుంది. విద్యార్థి 75 శాతం హాజరు చూపించాలి, వేలిముద్ర వేయాలి, ఆదాయం, కులం కాగితాలు పెట్టాలి. జీడి సొనకు వేలిముద్ర చెరిగిపోయిన తల్లి కూడా మిషను ముందు పదిసార్లు వేలు పెట్టి తన వంతు పూర్తిచేసింది. ఒప్పందంలో రెండో పక్షం తన వంతు చేయకపోతే అడగాలి, దండం పెట్టి ఊరుకోకూడదు.

లెక్క అడిగితే “నువ్వు ఏ పార్టీ?” అంటారు. అందుకని రెండు వైపులవీ రాస్తాను. 2020 డిసెంబరు 25న వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివే పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఎత్తేసింది. అందరికీ పూర్తి ఫీజు అని చెప్పి వచ్చిన ప్రభుత్వమే ఈ జీవో ఇచ్చింది. అప్పటి పలాస ఎమ్మెల్యే అప్పలరాజు అప్పటికే మంత్రి. దాన్ని రద్దు చేస్తామని యువగళం పాదయాత్రలో లోకేశ్ మాట ఇచ్చారు. ఇప్పుడాయనే విద్యాశాఖ మంత్రి. ఆ మాట ఎదురుగా రద్దు తేదీ రాయడానికి ఒక గడి ఉండాలి, ఆ గడి నిండిందా లేదా అని ప్రతి పీజీ విద్యార్థీ అడగాలి. పాత ప్రభుత్వం వేల కోట్ల బకాయిలు మిగిల్చి పోయిందని కొత్త ప్రభుత్వం చెప్పింది. కొత్త ప్రభుత్వం ఫీజులు ఇవ్వడం లేదని 2025 మార్చి 12న పాత అధికార పక్షం యువత పోరు పేరుతో కలెక్టరేట్ల ముందు ధర్నా చేసింది. ఎవరి కాలపు బాకీ ఎవరు తీర్చాలన్నది వాళ్ల తగువు. ప్రభుత్వం ఒకటే, దాని ఖజానా ఒకటే. ఆ తగువు తేలేదాకా సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో ఉండాల్సిన ఖర్మ పిల్లకు ఎందుకు? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కాలేజీవాడు వినడు. ఎందుకు వినడంటే ప్రభుత్వమే వాడికి బాకీ ఉంది, గట్టిగా చెప్పే మొహం దానికి లేదు. తెలంగాణలో ఈ బకాయిల మీదే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు మూతవేసి సమ్మెకు దిగాయి. “ఎవరొచ్చినా ఇంతే” అనుకుంటే ఈ చరిత్ర అంతా వాళ్లకు రక్ష. తేదీలు రాసిపెట్టుకుంటే ఎవరి హయాంలో ఎన్ని నెలలు ఆలస్యమైందో తేలుతుంది. ఎవరొచ్చినా ఒకటేనా కాదా అన్నది అప్పుడు చెప్పగలం. ఇప్పుడు చెప్పేది ఊహ.

బ్యాంకు రుణాల విషయంలో మరో పొరపాటు జరుగుతోంది. ఫీజు రాకపోతే విద్యారుణం ఉంది కదా అంటున్నారు. రుణం ఇప్పించడం ఫీజు కట్టడం కాదు, రెండూ వేర్వేరు హామీలు, వేర్వేరుగానే లెక్క చూడాలి. పైగా కాగితం మీద ఉన్నది కౌంటరు దగ్గర దొరకదు. 4 లక్షల దాకా రుణానికి తనఖా అక్కర్లేదని బ్యాంకుల సంఘం నమూనా పథకంలో స్పష్టంగా ఉంది. అయినా నాకు తెలిసిన ఒక మత్స్యకార కుటుంబాన్ని ఒక బ్యాంకు శాఖలో పొలం కాగితాలు తెమ్మన్నారు. వాళ్లకున్నది వల, వాటాలో పడవ. సముద్రానికి పట్టా ఎక్కడి నుంచి తెస్తారు? 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి ఆమోదించింది. పూచీ లేకుండా రుణం, 8 లక్షల లోపు ఆదాయం ఉంటే 10 లక్షల రుణం దాకా వడ్డీలో 3 శాతం రాయితీ. మంచిదే. కానీ అది ర్యాంకుల జాబితాలో ఉన్న సంస్థల్లో (2024లో అవి 860) సీటు వచ్చినవాళ్లకు. మన పిల్లలు చేరే కాలేజీల్లో ఎన్ని ఆ జాబితాలో ఉన్నాయో చూసుకున్నాకే ఎవరైనా దాన్ని మన ప్రాంతానికి చేసిన మేలుగా చెప్పాలి.

ఇక్కడ కూడా ఎమ్మెల్యేకు చేయి ఆడే చోటు ఉంది. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి బ్యాంకుల సమీక్ష జరగాలి. దానికి ఎంపీని, ఎమ్మెల్యేలను పిలవాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. ఏ మండలం నుంచి ఎన్ని విద్యారుణ దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తిప్పిపంపారు, ఏ కారణం రాశారు అని అక్కడ అడగొచ్చు. మన ప్రతినిధి ఆ సమావేశానికి వెళ్లారా? వెళ్లి ఇది అడిగారా? ఇదీ లెక్కలోకి రావాల్సిందే.

ఒక కొత్త చిక్కు గురించి చెప్పి ముగిస్తాను. ఫీజు సొమ్ము తల్లుల ఖాతాలో వేసినన్నాళ్లు కాలేజీ ఒత్తిడంతా తల్లి మీద పడేది. 2021 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ పద్ధతిని తప్పుపట్టారు కూడా. కానీ ఒక మేలుండేది, సొమ్ము ఎప్పుడు పడిందో తల్లికి తన పుస్తకంలో కనిపించేది. ప్రభుత్వం మారాక సొమ్ము మళ్లీ నేరుగా కాలేజీకి వెళ్లే పద్ధతి వచ్చింది. ఒత్తిడి కొంత తగ్గాలి, కానీ తల్లి కంటికి ఇప్పుడేమీ కనబడదు. రాలేదని కాలేజీ చెబుతుంది, ఇచ్చేశామని నాయకుడు చెబుతాడు, మధ్యలో ఆమె దగ్గర ఒక్క కాగితం ఉండదు.

ఆ కాగితం సంపాదించండి. మీ పిల్ల పేరున ఏ త్రైమాసికం సొమ్ము ఏ తేదీన అందింది, ఎంత బాకీ ఉంది అని కాలేజీని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంక్షేమ శాఖకు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. దాని పక్కనే మీరు తెచ్చిన అప్పు, కట్టిన వడ్డీ మీ చేత్తో రాయండి. ఒక నకలు తీసి పలాసవాళ్లు పలాస ఎమ్మెల్యే ఆఫీసులో, టెక్కలివాళ్లు మంత్రిగారి క్యాంపు ఆఫీసులో ఇవ్వండి. ఊరికే ఇచ్చి రాకండి. రెండో నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.

మా వీధి ఆవిడ పోయిన నెల ఆ పని చేసింది. ముద్ర పడిన కాగితం పాత పాసుపుస్తకంలో మడిచి దాచుకుంది.